అత్త ఊపిరి తీసుకునే చోటు

మా చర్చిలో కీబోర్డు ఉంది, డ్రమ్ములున్నాయి, మనిషెత్తు స్పీకర్లున్నాయి. అయినా పాట ఎత్తేది మా అత్తే. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పగానే కీబోర్డు వాయించే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అత్త వైపు చూస్తాడు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో అత్త లేచి, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని పాట అందుకుంటుంది. ఆవిడ శ్రుతి ఎక్కడుంటే కీబోర్డు అక్కడికి రావాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరీ పాడేది అని మెడలు చాచి చూశారంటే ఆ పూటకి నాకు గర్వంతోనే కడుపు నిండిపోతుంది.

ఆవిడ మా నాన్నకి అక్క. నాకు పుట్టుకతోనే అత్త, బావని చేసుకున్నాక ఇంకోసారి అత్త. అంచేత మా మధ్య అత్తాకోడళ్ళ మర్యాదలు ఎప్పుడూ కుదరలేదు. నేను ఆవిణ్ణి నువ్వు అంటాను, ఆవిడ నన్ను ఒలే అంటుంది. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. ఆవిడది ఉడుంపట్టు. మేమిద్దరం ఒక మాట మీద ఉన్న రోజున బావకి అనుమానం వచ్చి, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడుగుతాడు.

నేను పెరిగింది కూర్మన్నపాలెంలో. నాన్న స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. డ్యూటీ అంతా మంటల ముందు నిలబడి వచ్చే మనిషి కాబట్టి ఇంట్లో అగరొత్తి పొగ కూడా పడేది కాదు ఆయనకి. మా అమ్మ మొదటినుంచీ గ్యాస్ మీదే వండింది. అలాంటి ఇంటి నుంచి నేను పోర్టు పక్క వీధిలోని అత్త ఇంటికి కాపురానికి వచ్చాను.

ఆ వీధికి ఉమ్మడి శత్రువు నల్లదుమ్ము. రేవులో బొగ్గు దిగుతుంది, సముద్రం మీంచి గాలి లేస్తుంది, దుమ్ము వచ్చి మా గుమ్మాల్లో కూర్చుంటుంది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి పాదాల గుర్తులు పడతాయి. మంచినీళ్ళ బిందెకి మూత, మూతమీద గుడ్డ, గుడ్డమీద పళ్ళెం. ఒక ఇల్లాలు ఎలాంటిదో మావాళ్ళు ఆవిడ కిటికీ చూసి చెప్పేసేవారు. తెరిచి ఉంటే బద్ధకస్తురాలు. మూసి, సందుల్లో పాతచీర పేలికలు కుక్కి, పైన తడిగోనె కూడా వేలాడదీస్తే గొప్ప ఇల్లాలు. ఆ లెక్కన మా అత్తని మించిన ఇల్లాలు ఆ చుట్టుపక్కల లేదు.

రోజూ పొద్దున్నే ఆవిడ ఒక తెల్లగుడ్డ తీసుకుని గుమ్మాలూ, బల్లలూ, టీవీ మీదా ఒకసారి రాసి వెలుగులో పట్టుకుని చూసేది. గుడ్డ నల్లబడితే మళ్ళీ తుడుపు. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా ఆవిణ్ణి చూసే ఆ తెల్లగుడ్డ పరీక్ష నేర్చుకున్నారు. వంటగది కిటికీకైతే నేను వచ్చేసరికే మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. ఆ గదిలోనే కట్టెల పొయ్యి, దాని పక్కనే బొగ్గుల కుంపటి.

ఇంట్లో గ్యాస్ లేదనుకోకండి. బావ కొన్న స్టవ్ ముందుగదిలో బల్లమీద, అంచులకి పువ్వులు కుట్టిన గుడ్డ కప్పుకుని, పెళ్ళికూతురులా కూర్చునేది. చుట్టాలొస్తే దానిమీద టీ కాచేవాళ్ళం. అన్నం, చేపల పులుసు, స్నానాల నీళ్ళు అన్నీ సరుగుడు కర్రల మీదే. ఆదివారం దిబ్బరొట్టె మాత్రం కుంపటి మీద. మినప్పిండి మూకుట్లో మందంగా పోసి, కింద నిప్పులు, మూతమీద నిప్పులు పెట్టి, పైనా కిందా ఒక్క రంగు వచ్చేదాకా అత్త పక్కనే కాపలా కూర్చునేది. గ్యాసుకి కిందే మంట ఉంటుంది, పైన ఉండదు, కాబట్టి అది పొయ్యే కాదని ఆవిడ తీర్పు. ఆ రొట్టె విషయంలో మాత్రం నేను ఆవిడతో ఎప్పుడూ పేచీ పెట్టుకోలేదు. కరకరలాడే అంచు కోసం నేనూ బావా చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళం. చర్చి విడిచాక వీధిలో సగం ఇళ్ళకి ఆ రొట్టె ముక్కలు అందేవి.

పొయ్యి మండకపోతే అత్త ఊదుగొట్టం అందుకునేది. నేను బుగ్గలు నొప్పెట్టేలా ఊదితే బూడిద లేచి నా మొహాన్నే పడేది. ఆవిడ నింపాదిగా ఒక్క ఊపిరి వదిలేది, పొడుగ్గా, తెగకుండా. కర్ర అంటుకునేది. పాట చివర ఆవిడ సాగదీసే ఊపిరి కూడా సరిగ్గా అదే. ఆ సంగతి గమనించి నేను ముచ్చటపడేదాన్ని. ఆ ఊపిరికి బదులుగా ఆవిడ లోపలికి పీల్చుకుంటున్నదేమిటో చూసినప్పుడు మాత్రం ఒళ్ళు మండేది. పొగ కిటికీ దాకా వెళ్ళి, దారి లేక తిరిగొచ్చి, కప్పు కింద ముసురుకుని, మెల్లగా మా తలల మీదికి దిగేది. నేను కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తితే అత్త నవ్వేది.

"ప్లాంటోళ్ళ గుంటవి కదే, పొగంటే నీకేటి తెలుస్తాది."

"తెలుస్తంది కాబట్టే దగ్గుతన్నాను. ఆ కిటికీ తియ్యి అత్తా."

"తీత్తే దుమ్ము ఊరుకుంటాదేటి? పులుసులో పడతాది. పొగ మంచిదే, దోమలు రావు."

ఈ సంభాషణ మా ఇంట్లో ఉప్పూ కారంలాగా రోజూ ఉండేది. కుంపటి వెలిగించిన రోజున నాకు తలనొప్పి వచ్చేది. అది కూడా దుమ్ము వల్లేనని ఆవిడ తేల్చేసి, నుదుటికి జిందా తిలిస్మాత్ రాసేది. రాసిన చెయ్యి చల్లగా, ప్రేమగా ఉండేది కాబట్టి నేను నోరు మూసుకునేదాన్ని.

అత్తకి దగ్గు మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ వయసు ఆడవాళ్ళలో దగ్గనివాళ్ళు మా వీధిలో లేరు. ఆ దగ్గుకి అందరూ కలిసి రేవు వైపు చూసి నాలుగు తిట్లు తిట్టేవారు, అంతటితో సరి. తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఆ తర్వాత ఊదుగొట్టం నా చేతికిచ్చి, "నువ్వూదే, నేర్సుకుంటావు" అనడం మొదలుపెట్టింది. నేర్పడం కోసం కాదని నాకు తెలుసు.

ఒక ఆదివారం అత్తకి బాగా ఇష్టమైన పాట వచ్చింది. ఆ పాట మూడో చరణంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది. మిగతావాళ్ళం అక్కడ గొంతు తగ్గించుకుని ఆవిడకి వదిలేస్తాం, ఆవిడొక్కతే ఎక్కి మమ్మల్ని పైకి లాగుతుంది. ఆ రోజు అక్కడికి వచ్చి నోరు తెరిచింది. పాట రాలేదు, దగ్గు వచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. కీబోర్డు ఆయన గట్టిగా వాయించి కప్పిపుచ్చాడు. జనం ఎలాగో పాట అయిందనిపించారు.

ఇంటికొచ్చి అత్త రొట్టె ముట్టలేదు. చీరైనా మార్చుకోకుండా గోడకి చేరగిలబడి కూర్చుంది. నేను మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని, తాగకుండా అడిగింది. "ఒలే, పాట నేకపోతే నాను ఏటి సెయ్యాల?"

మామయ్య పోయినప్పుడు కూడా ఆవిడ సమాధి దగ్గర నిలబడి పాడిందే కానీ, ఇలా అడగలేదు.

మర్నాడే బావా నేనూ కలిసి ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ వీపంతా విని, ఒక గొట్టంలోకి ఊదించింది. దేన్నయినా ఊదడంలో మా అత్తకి పేరుంది కదా, ఆ గొట్టం దగ్గర మాత్రం సగంలోనే ఆగిపోయింది. "ఇంట్లో వంట దేనిమీదమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే అత్త నోరు తెరిచేలోపు నేను పొయ్యీ, కుంపటీ, మేకులు కొట్టిన కిటికీ, చర్చిలో ఆగిపోయిన పాటా అన్నీ చెప్పేశాను.

"పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాదమ్మా," అంది డాక్టరమ్మ. "పొగ మానేస్తే ఉన్నది నిలబడుతుంది. మానకపోతే ఉన్నది కూడా పోతుంది. పాట గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను."

పీల్చే మందు ఇచ్చి పంపించింది. అత్త బుద్ధిగా తలూపింది. ఆటో ఎక్కగానే, "ఆయమ్మ మన ఈదిలో ఉందేటి? దుమ్ము సంగతి ఆయమ్మకేటి తెలుస్తాది" అంది. ఇల్లు చేరి ఏం చేసిందో తెలుసా? అప్పటిదాకా కాస్తో కూస్తో తెరిచి ఉండే ముందుగది కిటికీలు కూడా మూసేసి, సందుల్లో పేలికలు కుక్కింది. దుమ్ము వల్లే పాట పోయిందని ఆవిడ గట్టి నమ్మకం. పాటని కాపాడుకోవడానికే ఇంటిని డబ్బాలా మూసేసింది.

నేను ఆగలేకపోయాను. "పొగని ఇంట్లో ఎట్టి తాళం వేత్తన్నావు అత్తా! దుమ్ము వల్లే అయితే ఈ ఈదిలో ఆడోళ్ళే ఎందుకు దగ్గుతన్నారు? మగోళ్ళు పీల్సీది వేరే గాలేటి?"

"మగోళ్ళు ఇంటిపట్టున ఉంటారేటే, దగ్గడానికి?" అంది అత్త అంతే గట్టిగా. అనేసి, తన మాటే తనకి అడ్డం తగిలినట్టు ఆగిపోయింది. తర్వాత బీరువా తెరిచి చర్చికి కట్టుకునే తెల్లచీరల్లో పాతదొకటి తీసి, సమానంగా రెండు ముక్కలు చింపింది.

"నువ్వూ వొద్దు, నానూ వొద్దు, ఆ డాక్టరమ్మా వొద్దు. గుడ్డ సెప్తాది."

ఒక ముక్క వరండాలో రేవు వైపు తీగమీద ఆరేసింది. రెండోది వంటగదిలో, మూసిన కిటికీకి ఉన్న మేకుకే తగిలించింది. ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ దులపకూడదు. సంగతి వీధంతా పాకింది. వచ్చేపోయే ఆడవాళ్ళు వరండాలో గుడ్డ చూసి, "సూడు, ఎలగ నల్లబడిపోతందో" అని అత్తకి జయం ఖాయం చేసి పోయేవారు. నా వైపు ఉన్నది బావ ఒక్కడే, అదీ తల్లి లేనప్పుడు.

కొన్నాళ్ళకి, ఒక శనివారం, అత్త రెండు గుడ్డలూ దించి పెరట్లో బట్టలుతికే బండ మీద పరిచింది. పక్కింటివాళ్ళు గోడమీంచి చూస్తున్నారు. బయటి గుడ్డ బొగ్గులా ఉంది. వంటగది గుడ్డ లేత టీ రంగులో ఉంది, అంతే. అత్త నా వైపు చూసింది. "సూసేవా?" అంది. నా మొహం మాడిపోయింది.

అక్కడితో ఆపేసినా ఆవిణ్ణి ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గెలిచినట్టే కదా. కానీ మా అత్త పరీక్ష అంటే చూసి వదిలేసేది కాదు. ఉతికితే గానీ గుడ్డ సంగతి తెలియదంటుంది. ముందు బయటి గుడ్డ తీసుకుని వడిగా దులిపింది. నల్లగా లేచింది. నీళ్ళలో జాడించి సబ్బు పెడితే చాలావరకు పోయింది, కొంచెం బూడిదరంగు మిగిలినా నేత తెల్లగా కనపడింది. తర్వాత వంటగది గుడ్డ దులిపింది. ఏమీ రాలలేదు. ఇంకోసారి దులిపింది. వేళ్ళకి జిగురుగా అంటుకుంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మొహం చిట్లించింది. సబ్బు పెట్టింది, బ్రష్షు పెట్టింది, వేడినీళ్ళలో నానబెట్టి బండకేసి బాదింది. ఆ టీ రంగు అలాగే ఉంది. బాదుతూ బాదుతూ ఆయాసం ముంచుకొచ్చి, గుడ్డ చేత్తోనే పట్టుకుని బండమీద కూర్చుండిపోయింది. గోడమీంచి చూసేవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు.

"ఆ దుమ్ము సుట్టం లాటిది, దులిపితే ఎలిపోతాది," అంది అత్త, ఊపిరి కూడదీసుకుంటూ. "ఇది ఇంటిమనిసి అయిపోయింది." తర్వాత చాలా మెల్లిగా, "నా లోపల కూడా ఇలగే అంటుకుపోయి ఉంటాదేటే?"

నేను ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. గెలిచినందుకు నాకు ఇసుమంత సంతోషం కూడా కలగలేదు. బయటి దుమ్ము మంచిదని నేనేనాడూ అనలేదు, దానిమీద మా వీధి పోరాటం ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఆ రోజు ఆవిడ ఒళ్ళో ఉన్న గుడ్డ మా ఇంటిది, మా వంటది.

అత్త లేచి, పెట్టెలోంచి పట్టకారు తెచ్చి, నన్ను దగ్గరికి రానివ్వకుండా కిటికీ మేకులు తనే పీకింది. రెక్కలు తెరుచుకోగానే సముద్రపు గాలి గదిలోకి తోసుకొచ్చింది. ఆ కిటికీలోంచి రేవులో క్రేన్లు కనిపిస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

తన ఇల్లు తను సర్దుకుంటే చాలని ఇంకెవరైనా అనుకునేవారు. మా చర్చిలో గురువారం స్త్రీల కూడిక ఉంటుంది. అందులో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడి దయవల్ల జ్వరం తగ్గింది, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అల్లుడు తాగుడు మానేశాడు, ఇలాంటివి చెబుతారు. ఆ గురువారం అత్త సంచీలోంచి ఆ టీ రంగు గుడ్డ తీసి, అందరికీ కనపడేలా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఇది నా వంటగది," అంది. "మూడుసార్లు ఉతికేక ఇలగుంది."

కూడికంతా గుసగుసలు. శుభ్రానికి పేరుపడ్డ మనిషి, తెల్లగుడ్డ పరీక్ష వీధికి నేర్పిన మనిషి, తన ఇంటి మురికిని చర్చిలో విప్పి చూపిస్తోంది. మావాళ్ళలో ఇంటి గుట్టు బయటపెట్టడం కంటే ప్రాణం వదలడం తేలిక.

"నన్ను గొప్ప ఇల్లాలంటారు. నా కిటికీ సూసి మీరూ మూసుకున్నారు. నా దగ్గు సూసి మీ దగ్గు ఏటో తెలుసుకోండి. నా మాట ఇని మూసినోళ్ళు, ఇయాల నా మాట ఇనే తియ్యండి."

"దుమ్ము పడతాది కదప్పా," అంది వెనక వరసలోంచి ఒకావిడ.

"పడనీ, తుడుసుకుందుం. తుడిత్తే పోయే దుమ్ముకి బయపడి, తుడవనేని పొగని ఇంట్లో ఉంచుకున్నాం." అని గుడ్డ పక్కనున్నావిడ చేతికిచ్చింది. అది ఒక్కో చేతినీ దాటుకుంటూ వెళ్ళింది. అందరూ వాసన చూశారు. ఆ వాసన ఎవరికీ కొత్త కాదు.

నేను అరవగలను. పదిమందిలో ఎవర్నయినా కడిగెయ్యగలను. కానీ నేను అంతకాలం చేసిన తప్పు ఇదీ అని, దాన్ని చేత్తో పట్టుకుని జనం ముందు నిలబడే గుండె నాకు లేదు. మా అత్తకి ఉంది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ప్రేమే కాదు, భక్తి కూడా. ఈ మాట ఆవిడ ముందు అంటే నెత్తికెక్కుతుందని ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పుడు కట్టెల పొయ్యి లేదు. అన్నం, పులుసు గ్యాస్ మీదే. చాన్నాళ్ళు పులుసుకి రుచి లేదని సణిగింది, తిన్నది మాత్రం పూర్తిగా తింది. కుంపటి మేడమీదికి చేరింది. ఆదివారం పొద్దున్న ఆకాశం కింద దిబ్బరొట్టె కాలుతుంది. నేను నిప్పులు విసురుతాను, ఆవిడ పొగ తగలని వైపు కుర్చీ వేసుకుని, దూరం నుంచే పెత్తనం చేస్తుంది. మా మేడ చూసి ఇంకొన్ని మేడల మీదికి కుంపట్లు ఎక్కాయి. చాలా ఇళ్ళలో వంటవేళ కిటికీలు తెరుస్తున్నారు. వెనక వరసలోంచి అడిగినావిడ మాత్రం ఇప్పటికీ మూసే ఉంచుతుంది. అత్త దారిలో కనపడితే ఆవిణ్ణి వదలదు.

పాట సంగతి చెప్పాలి. చాలా ఆదివారాలు అత్త మొదటి వరసలో నోరు మెదపకుండా కూర్చుంది. ఇంకెవరో ఎత్తేవారు, శ్రుతి ఎక్కడికో పోయేది, ఆవిడ వేళ్ళు ఒడిలో ఊరికే కదిలేవి. డాక్టరమ్మ చెప్పినట్టే ఉన్నది నిలబడింది. పోయింది రాలేదు. ఒక ఆదివారం మళ్ళీ ఆ పాటే వచ్చింది. అత్త నన్ను చూసి, లేచి నిలబడింది. శ్రుతి కొంచెం దించి ఎత్తుకుంది. మొదటి చరణం వచ్చింది, రెండోది వచ్చింది. మూడో చరణంలో పైకి లేచే చోట ఊపిరి చాల్లేదు. ఆగింది.

ఈసారి కీబోర్డు ఆయన కప్పిపుచ్చలేదు. మీటల మీంచి చేతులు తీసేశాడు. డ్రమ్ములు ఆగాయి. ఎవరూ పాట అందుకోలేదు. చర్చి నిండా మనుషులు నిలబడి ఉన్నారు, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త గుండె మీద చెయ్యి పెట్టుకుని, తొందరపడకుండా, నిండుగా ఊపిరి తీసుకుంది. తీసుకుని పైకి ఎక్కింది. మేమందరం ఆవిడ వెనకే ఎక్కాం. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అప్పటినుంచి ఆ పాట వచ్చిన ప్రతిసారీ ఆవిడ అక్కడ ఆగుతుంది, మేమూ ఆగుతాం.

మొన్న అత్త తగరపువలసలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. అక్కడి వంటగదికి కిటికీ పెట్టించే పని మీద వెళ్ళిందని నా అనుమానం. ఆవిడ లేని ఆదివారం ఆ పాట వచ్చింది. ఇంకొకావిడ ఎత్తింది. మూడో చరణంలో ఆ చోటుకి వచ్చేసరికి చర్చి మొత్తం ఆగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సైగ చెయ్యలేదు. ఒక ఊపిరి సేపు ఊరుకుని, మళ్ళీ అందుకున్నారు. ఈమధ్య పాటలు నేర్చుకున్న పిల్లలైతే, ఆ పాట మొదటినుంచీ అంతే అనుకుంటున్నారు.

సాయంత్రం అత్త ఫోన్ చేసి పాట ఎలా కుదిరిందని అడిగింది.

"నువ్వు ఊపిరి తీసుకునే కాడ అందరం ఆగేం," అన్నాను.

ఆవిడ ఊపిరి ఫోన్లో వినిపిస్తోంది. కొంచెం గరగరగా ఉంది, కానీ తెగకుండా వస్తోంది. నేను ఆ ఊపిరి వింటూ ఊరుకున్నాను.

"వంటగది కిటికీ తీసే ఉంచేవేటే?" అంది చివరికి.

"తీసే ఉంది అత్తా," అన్నాను.